నెలలు నిండని శిశువులు - భౌతిక చికిత్స

ప్రసూతి గది ప్రక్కనే ఇటీవలి కాలంలో మరొక గది వెలసినది. గాజు తలుపులు, వెచ్చదనమిచ్చే దీపాలు, సన్నగా మ్రోగే యంత్రాలు, చేతులు కడుగుకొననిదే లోపల అడుగు పెట్టరాదనే కట్టుబాటు - ఇవి ఆ గది లక్షణాలు. నెలలు నిండకుండ పుట్టినవారు, పుట్టగానే ఏడ్వనివారు, బరువు చాలనివారు, ఊపిరి అందనివారు అక్కడ కొన్ని దినాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారాలు ఉంటారు. దానిని నవజాత శిశు ప్రత్యేక సంరక్షణ విభాగమని పిలుస్తున్నారు. ఆ తలుపు వెలుపల నిలిచిన తండ్రి నోట మొదట వెలువడే ప్రశ్న ఒక్కటే: బిడ్డ బ్రతుకుతాడా? ఈనాడు వైద్యులు ఆ ప్రశ్నకు మునుపటికంటె ఎక్కువసార్లు "బ్రతుకుతాడు" అని చెప్పగలుగుతున్నారు. ఆ మాట వినగానే రెండవ ప్రశ్న పుడుతుంది: ఎట్లా బ్రతుకుతాడు? మెడ నిలుపుతాడా, కూర్చుంటాడా, నడుస్తాడా, బడికి పోతాడా? ఈ రెండవ ప్రశ్నకు మంచి సమాధానం రావడానికి పాటుపడేవారిలో ఫిజియోథెరపిస్టు, అనగా భౌతిక చికిత్సకుడు, ముఖ్యుడు. ఆయన పనిని గూర్చి, ఆ పనిలో ఇంటివారి పాలును గూర్చి చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశ్యం.

ఇది మనకు దూరపు విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, దాని సహచరసంస్థలు వేసిన లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 34 లక్షలమంది శిశువులు 37 వారాలు నిండకముందే పుట్టారు. వారిలో 30 లక్షలమంది భారతదేశంలో పుట్టినవారే. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఒక పూట నిలుచుంటే ఈ సంఖ్యకు అర్థం తెలుస్తుంది. హైదరాబాదు నుండి బొంబాయి పోయే రహదారి మీద, సంగారెడ్డి పట్టణానికి దారి చీలే చోటది. తెల్లవారక ముందే పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూరు కర్మాగారాలకు పోయే కార్మికులు, రాత్రి పని ముగించి తిరిగివచ్చే కార్మికులు అక్కడ ఎదురెదురుగా కనబడతారు. చుట్టుప్రక్కల పల్లెలవారు కొందరు, ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుండి వచ్చి ఒంటిగది అద్దె ఇళ్ళలో కాపురముంటున్నవారు కొందరు. వీరి ఇళ్ళలోను నెలలు నిండని బిడ్డలు పుడుతున్నారు. ఆసుపత్రి ఆ బిడ్డను బ్రతికించి ఇంటికి పంపిన తరువాత ఏమి జరుగుతున్నదనేదే అసలు ప్రశ్న.

మన పల్లెలలో ఫిజియోథెరపిస్టు అనగానే పెద్దవారికి పోలియో గుర్తుకు వస్తుంది. కాలు చచ్చుబడిన పిల్లవానికి ఇనుప పట్టీలు కట్టించి, ఊతకర్రతో నడక నేర్పే వ్యక్తిగానే ఆయనను ఎరుగుదురు. పోలియో మన దేశం విడిచిపోయినది. 2014 మార్చి 27న భారతదేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం లభించినది. కాని పిల్లల అంగవైకల్యం అంతటితో తీరలేదు. ఎదుగుతున్న మెదడుకు పుట్టుకకు ముందు గాని, పుట్టుక సమయంలో గాని, తరువాత గాని తగిలిన దెబ్బ వలన కండరాలు బిగుసుకొనిపోయి, కదలిక అదుపు తప్పే స్థితిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అని అంటారు. దీనికీ కష్టమైన కాన్పుకూ, నెలలు నిండని పుట్టుకకూ, పుట్టగానే ఊపిరాడకపోవడానికీ సంబంధమున్నదని లండనులో విలియం లిటిల్ అనే వైద్యుడు 1862లోనే విశదీకరించాడు. ఆ రోజులలో అట్టి బిడ్డలలో చాలమంది బ్రతికేవారు కారు. ఈనాడు బ్రతుకుతున్నారు. బ్రతికినవారిలో అధికసంఖ్యాకులు ఆరోగ్యంగానే పెరుగుతారు. అయినా ఎవరికి చిక్కు రాగలదో ముందే కనిపెట్టవలసిన బాధ్యత మనమీద పడినది.

నెలలు నిండని బిడ్డ శరీరానికి ప్రత్యేకమైన శ్రద్ధ ఎందుకు కావలెను? గర్భంలో చివరి వారాలలో బిడ్డకు చోటు ఇరుకు అవుతుంది. మోకాళ్ళు పొట్టకు ముడుచుకొని, చేతులు ఎదకు చేరి, వెన్ను గుండ్రంగా వంగి ఉంటుంది. ఆ ఇరుకే బిడ్డకు గురువు. కాలు చాచితే గర్భాశయపు గోడ తగులుతుంది, తిరిగి ముడుచుకుంటుంది. ఈ చాచడంలో, ముడవడంలో కండరాలకు బిగువు, ఎముకలకు బలం చేకూరుతాయి. నిండు నెలల బిడ్డ ఈ ముడుచుకొనే బిగువుతోనే పుడతాడు. 28, 30 వారాలకే పుట్టిన బిడ్డకు ఈ పాఠం మధ్యలోనే నిలిచిపోతుంది. నీటిలో తేలియాడుతున్న శరీరం ఒక్కసారిగా పరుపుమీద పడుతుంది. భూమ్యాకర్షణను ఎదిరించే శక్తి లేక చేతులు ఇరుప్రక్కలకు వాలిపోతాయి, కాళ్ళు కప్పకాళ్ళవలె విచ్చుకుంటాయి, తల ఒక ప్రక్కకు ఒరిగి ఆ ప్రక్కనే చదునవుతుంది. వారాల తరబడి అట్లే ఉంటే భుజాలు వెనుకకు, తుంటి కీళ్ళు బయటకు అలవాటుపడిపోతాయి. చేయి నోటి దగ్గరకు చేరడం, రెండు చేతులు ఒకదానినొకటి కలుసుకోవడం ఆలస్యమవుతుంది.

మెదడు విషయం మరింత సున్నితమైనది. 24వ వారం నుండి 34వ వారం వరకు మెదడు లోపలి నీటిగదుల చుట్టూ ఉండే భాగం మిక్కిలి బలహీనంగా ఉంటుంది. రక్తపు ఒత్తిడిలో హెచ్చుతగ్గులు, ప్రాణవాయువు కొరత, సూక్ష్మజీవుల దాడి అక్కడ త్వరగా హాని చేస్తాయి. కాళ్ళకు ఆజ్ఞలు మోసుకొనిపోయే నరాల దారి ఆ నీటిగదులకు అతి సమీపంగా పోతుంది. అందువలననే నెలలు నిండకుండ పుట్టి చిక్కుపడిన పిల్లలలో చేతులకంటె కాళ్ళు ఎక్కువగా బిగుసుకుంటాయి. ఫిజియోథెరపిస్టు ఆ దెబ్బను తుడిచివేయలేడు, తుడిచివేస్తానని చెప్పడు. దెబ్బ తగిలిన మెదడులో మిగిలిన శక్తిని, అది ఇంకా మలచడానికి వీలుగా ఉన్న కాలంలోనే, సరియైన దారిలో పెట్టడం ఆయన పని. ఆ కాలం పుట్టిన తొలి మాసాలే.

ఇక ఆ గదిలో ఆయన చేసేదేమి? మొదటిది పడుకోబెట్టే తీరు. మెత్తని గుడ్డలను చుట్టలుగా చుట్టి బిడ్డ చుట్టూ పిచ్చుకగూడు వలె అమరుస్తారు. కాళ్ళు చాచినప్పుడు ఆ గుడ్డచుట్ట తగలవలెను, తిరిగి ముడుచుకొనే వీలు ఉండవలెను. తల నడిమికి, చేతులు నోటి దగ్గరకు, తుంటి ముడుచుకొని ఉండునట్లు చూస్తారు. కొన్ని గంటలకొకసారి వెల్లకిలా, ప్రక్కకు, బోర్లా మారుస్తారు. బోర్లా పడుకోబెడితే కొందరు బిడ్డలకు ఊపిరి తేలికగా ఆడుతుంది. అయితే శ్రోతలు ఒక సంగతి గుర్తుంచుకోవలెను. అక్కడ శ్వాసను, గుండెను యంత్రాలు క్షణక్షణం కనిపెట్టి ఉంటాయి కనుకనే బోర్లా పడుకోబెడతారు. ఇంటికి వచ్చిన బిడ్డను నిద్రలో వెల్లకిలానే పడుకోబెట్టవలెను.

రెండవది తాకే తీరు. నెలలు నిండని బిడ్డకు మాటలు లేకపోయినా సైగలున్నవి. వ్రేళ్ళు విసనకర్రవలె విచ్చుకోవడం, వెన్ను విరుచుకోవడం, ఎక్కిళ్ళు, మాటిమాటికి ఆవులింతలు, చర్మం రంగు మారడం, చూపు తప్పించడం - ఇవన్నీ "ఇక చాలు" అనే విన్నపాలే. చేతులు ముడుచుకోవడం, వ్రేలు చీకడం, ముఖం తేటపడడం నెమ్మదికి గుర్తులు. అమెరికాలో హైడలీస్ ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల దశకంలో ఈ సైగలను క్రమంగా పరిశీలించి, చికిత్స యావత్తు బిడ్డ సైగలను అనుసరించి సాగవలెనని ప్రతిపాదించినది. సూది గ్రుచ్చే సమయంలో ఒక చేయి తలమీద, ఒక చేయి ముడిచిన కాళ్ళమీద కదలకుండ ఉంచితే బిడ్డకు బాధ తగ్గుతుంది. బిడ్డను త్రిప్పవలసి వస్తే ఒక్కసారిగా కాక, ముడిచి పట్టుకొని మెల్లగా త్రిప్పవలెను. గుడ్డ మార్చడం, తూకం వేయడం, మందు ఇవ్వడం ఒకేసారి ముగించి తరువాత నిద్రపోనివ్వవలెను. ఇవి చిన్న పనులుగా తోచవచ్చు. రోజుకు అనేకసార్లు పరాయి చేతులలో పడే బిడ్డకు ఇవి చిన్నవి కావు.

మూడవది, చేయకూడనిది చేయకుండుట. దీనికి ఒక చరిత్ర ఉన్నది. ఊపిరితిత్తులలో చేరిన కఫాన్ని కదిలించడానికి రొమ్ముమీద మెల్లగా తట్టే చికిత్స ఒకటి ఉన్నది. ఒకప్పుడు శిశు విభాగంలో ఫిజియోథెరపిస్టు పని అంటే ఇదేనని చాలమంది భావించేవారు. న్యూజీలాండు దేశపు ఆక్లండు నగరంలో, నేషనల్ ఉమెన్స్ ఆసుపత్రిలో, 1990ల దశకపు తొలి సంవత్సరాలలో చికిత్స పొందిన అతి చిన్న శిశువులలో 13 మందికి ఒక విచిత్రమైన మెదడు దెబ్బ కనబడినది. అట్టి బిడ్డలకు తొలి వారాలలో ఈ తట్టుడు చికిత్స మిగిలినవారికంటె ఎక్కువగా జరిగినదని అక్కడి వైద్యులే 1998లో ప్రకటించారు. ఆసుపత్రి ఆ చికిత్సను నిలిపివేసినది. 1999లో విచారణ నివేదిక వెలువడినది. తరువాత మరికొన్ని ఆసుపత్రులలో జరిగిన పరిశీలనలు ఈ సంబంధాన్ని బలపరచలేదు. అయినా వైద్యలోకం ఒక పాఠం నేర్చుకొన్నది. ఈ చికిత్సను ఈనాడు అందరికీ అలవాటుగా చేయరు. అవసరమున్నదని వైద్యుడు నిశ్చయించిన చోట, తల కదలకుండ పట్టుకొని, మిక్కిలి మితంగా చేస్తారు. చేయి ఎప్పుడు పెట్టవలెనో తెలియడం ఎంత విద్యయో, ఎప్పుడు పెట్టకూడదో తెలియడమూ అంత విద్యయే. కనుక ఈ విభాగంలో పని చేయదలచిన ఫిజియోథెరపిస్టుకు పట్టా ఒక్కటే చాలదు. నవజాత శిశువులను గూర్చి ప్రత్యేక శిక్షణ, అనుభవజ్ఞుల పర్యవేక్షణ ఉండవలెను.

నాల్గవది తల్లిని చికిత్సలోనికి తీసుకొనిరావడం. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో, ఎడ్గార్ రే అనే వైద్యుడు, వెచ్చని పెట్టెలు చాలక, బిడ్డలను తల్లుల రొమ్ములమధ్య చర్మానికి చర్మం తగులునట్లు నిలువుగా ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో మోసే తీరును బట్టి దానికి కంగారూ మాతృ సంరక్షణ అని పేరు వచ్చినది. పేదరికంలో పుట్టిన ఈ ఉపాయం ధనిక దేశాలకు కూడ ఆదర్శమైనది. భారతదేశంతోపాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాలలోని 5 ఆసుపత్రులలో, 1 కిలో నుండి 1 కిలో 799 గ్రాముల వరకు బరువుగల 3,211 మంది శిశువులమీద జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడినవి. పుట్టిన వెంటనే ఈ పద్ధతిని ఆరంభించిన వర్గంలో తొలి 28 దినాలలో మరణాలు నూటికి 12. స్థిమితపడిన తరువాత ఆరంభించిన వర్గంలో నూటికి 15.7. తల్లి రొమ్ముమీద బిడ్డ ముడుచుకొని, తల నిలువుగా, చేతులు నోటి చెంతకు చేరి ఉంటాడు. ఫిజియోథెరపిస్టు గుడ్డచుట్టలతో తేదలచిన భంగిమ అక్కడ సహజంగానే సిద్ధిస్తుంది. మెడ మరీ వంగక, మరీ చాచుకోక ఉండునట్లు, తుంటి సరిగా ముడుచుకొనునట్లు కట్టుగుడ్డను సవరించడం ఆయన నేర్పుతాడు. తల్లికి వీలులేని గంటలలో తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఆ పని చేయవచ్చు.

పాలు త్రాగడంలో కూడ కండరాల పని ఉన్నది. చీకడం, మ్రింగడం, ఊపిరి తీయడం - ఈ మూడూ ఒక లయలో కుదరడానికి సాధారణంగా 34 వారాల ప్రాయం రావలెను. అంతవరకు గొట్టం ద్వారా పాలు పోస్తున్నప్పుడే, పాలులేని రొమ్మును గాని, శుభ్రమైన వ్రేలిని గాని చీకనిస్తే అభ్యాసం కలుగుతుంది. దవడ, చెక్కిలి ఆనించి పట్టుకొనే తీరు నర్సు, ఫిజియోథెరపిస్టు కలిసి చూపిస్తారు.

ఐదవ పని చూడడం. ఇది చేతితో చేసే చికిత్సలన్నింటికంటె విలువైనదని చెప్పవచ్చును. హైన్‌త్స్ ప్రెఖ్టల్ అనే ఐరోపా శాస్త్రవేత్త ఊయలలో మేలుకొని హాయిగా ఉన్న బిడ్డ కదలికలను ఏళ్ళ తరబడి పరిశీలించాడు. నెలలు నిండవలసిన తేదీ గడచిన తరువాత, సుమారు 9 నుండి 20 వారాల మధ్య, ఆరోగ్యవంతుడైన బిడ్డ మెడ, మొండెం, చేతులు, కాళ్ళు అన్ని దిక్కులకు చిన్నచిన్నగా, ఒయ్యారంగా, ఎడతెగక కదులుతుంటాయి. 130 మంది శిశువులను పరిశీలించి ఆయన బృందం 1997లో ప్రకటించిన దాని ప్రకారం, ఈ చిన్న కదలికలు సక్రమంగా ఉన్న బిడ్డలలో నూటికి 96 మంది నరాల విషయంలో బాగుగా ఎదిగారు. అవి లేనివారిలో, వికారంగా ఉన్నవారిలో నూటికి 95 మందికి తరువాత చిక్కులు కనబడినవి. దీనికి కావలసినది కొన్ని నిమిషాల చలనచిత్రం, శిక్షణ పొందిన కన్ను. ఈ పరిశీలనకు నరాల పరీక్షను, మెదడు చిత్రాన్ని జోడిస్తే, సెరిబ్రల్ పాల్సీని సరిచేసిన వయస్సు 5 నెలలు నిండకముందే గుర్తించవచ్చునని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చినది. మన ఇళ్ళలోనో, "ఏడాది దాటినా కూర్చోలేదే" అన్న విచారం పుట్టిన తరువాతగాని ఆసుపత్రికి బయలుదేరరు. అప్పటికి మెదడు మిక్కిలి చురుకుగా నేర్చుకొనే మాసాలు గడచిపోతాయి.

సరిచేసిన వయస్సు అనే మాటను ఇక్కడ వివరించవలెను. బిడ్డ 40 వారాలకు పుట్టవలసి ఉండగా 32 వారాలకే పుట్టినాడనుకొందము. 8 వారాలు ముందు వచ్చినాడు. పుట్టి 6 నెలలైనప్పుడు అతని నుండి 4 నెలల బిడ్డ చేసే పనులనే ఆశించవలెను. ఈ లెక్క తెలియక కొందరు తల్లులు అనవసరంగా బెంగపడతారు. మరికొందరు "నెలలు తక్కువ బిడ్డ గదా, మెల్లగా వస్తాడులే" అని అవసరమైన చోట కూడ ఊరకుంటారు. లెక్క వేసుకొంటే రెండు పొరపాట్లూ తప్పుతాయి. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం మనది. బిడ్డ ఎదుగుదలను ఇరుగుపొరుగుతో పండుగగా జరుపుకొన్న జాతికి ఈ లెక్క కష్టం కాదు. బొబ్బట్ల నాడు సరిచేసిన వయస్సును కూడ గోడమీది పంచాంగంలో గుర్తు పెట్టుకొంటే చాలును.

ఇంటికి వచ్చిన బిడ్డ విషయంలో పెద్దల అలవాట్లను గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. కాళ్ళు చాచి కూర్చున్న అవ్వ తన కాళ్ళమీద మనుమని పడుకోబెట్టి, నూనె అంటి, నలుగుపెట్టి నీళ్ళు పోయడం మన ఇళ్ళలో అందమైన దృశ్యం. అందులోని స్పర్శ, మాట, పాట బిడ్డకు మేలే చేస్తాయి. కాని నెలలు నిండని బిడ్డ ఎముకలు బలహీనమైనవి, చర్మం పలుచనిది, ఒంటి వేడి త్వరగా తరిగిపోతుంది. బరువు పెరిగి వైద్యుడు అనుమతించేవరకు స్నానం వద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలును. తరువాత కూడ చేతులు కాళ్ళు పెనవేసి లాగడం, తలక్రిందులుగా ఎత్తడం, ఎగురవేయడం, తలను వత్తి గుండ్రంగా చేయడం, ముక్కులో చెవులలో నూనె పోయడం, సాంబ్రాణి పొగ పట్టడం కూడదు. చీర ఊయలలో గడ్డం ఎదకు ఆనుకొని ఊపిరికి అడ్డమయ్యే ప్రమాదమున్నది; సమతలంగా ఉన్న పరుపే మంచిది. అవ్వను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆమె చేతులలో ఉన్న నేర్పును మెల్లని స్పర్శ వైపు, కంగారూ పద్ధతి వైపు త్రిప్పగలిగిన ఫిజియోథెరపిస్టే కుటుంబపు మనసు గెలుస్తాడు. మేలుకొని ఉన్న సమయంలో పెద్దల కళ్ళెదుట కొద్దిసేపు బోర్లా వేసి, ముఖానికి ఎదురుగా నవ్వుతూ పలుకరిస్తే మెడకు, భుజాలకు బలం వస్తుంది. చక్రాల బండ్లలో నిలబెట్టి త్రిప్పితే నడక త్వరగా రాదు; నేలమీద చాపయే బిడ్డకు మంచి వ్యాయామశాల.

ఏ గుర్తులు కనబడితే ఆలస్యం చేయకూడదు? సరిచేసిన వయస్సు లెక్కన 4 నెలలకు మెడ నిలబడకపోవడం. 3 నెలలు దాటినా పిడికిళ్ళు ఎప్పుడూ బిగించి ఉండడం. గుడ్డ మార్చేటప్పుడు తొడలు విడదీయరానంత బిగువుగా ఉండడం. ఎత్తుకొంటే కాళ్ళు కత్తెరవలె పెనవేసుకోవడం. ఏడాది లోపలనే ఒక చేతినే వాడి రెండవ చేతిని విడిచిపెట్టడం. పాలు మాటిమాటికి గొంతుకు అడ్డుపడడం. ఎత్తుకొంటే గుడ్డబొమ్మవలె వ్రేలాడడం. వీటిలో ఒక్కటి కనబడినా నిరాశపడవలసిన పని లేదు; పరీక్ష చేయించవలెను. దీనితోపాటు మరొక గడువు ఉన్నది. 34 వారాలకు ముందు గాని, 2 కిలోలకు తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డ కంటి లోపలి పొరను పుట్టిన 30 దినాలలోగా పరీక్షింపవలెను. మరీ చిన్న బిడ్డలకు అంతకంటె ముందే. ఆ గడువు దాటితే చూపే పోవచ్చును. వినికిడి పరీక్షను కూడ మరువరాదు.

ఇప్పుడు తిరిగి మన ప్రాంతపు సంగతికి వద్దాము. చట్టంలోను, పథకంలోను ఏర్పాట్లు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2011లో వెలువరించిన మార్గదర్శకాలు, సాలీనా 3,000కు పైగా కాన్పులు జరిగే ఆసుపత్రులలో 12 పడకలకు తగ్గని ప్రత్యేక శిశు విభాగం ఉండవలెనని నిర్దేశించినవి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలను ఉద్దేశించినది; పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, మాట నేర్పేవారు, మనస్తత్వ నిపుణుడు ఒకే చోట ఉండవలెనని అందులో చెప్పబడినది. ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ దినాలలో పోయి బిడ్డను చూడవలెను. పూర్వం ఉమ్మడి మెదకు జిల్లాకు ముఖ్యపట్టణమై, 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన సంగారెడ్డిలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కూడ నడుస్తున్నది. కనుక దారి ఉన్నది. ఆ దారిలో గొలుసు తెగేది ఎక్కడ?

అది తెగేది శిశు విభాగం తలుపుకూ, అద్దె గది తలుపుకూ నడుమ. ఇంటికి పంపే రోజున చీటీ చేతికిస్తారు, నెల తరువాత తిరిగి రమ్మంటారు. ఆ తేదీన తండ్రికి షిఫ్టు ఉంటుంది. ఒక పూట మానితే కూలి పోతుంది. గుత్తేదారు క్రింద పనిచేసేవాడైతే పనే పోవచ్చును. తల్లికి చీటీమీది భాష రాదు. కంటికి ఒకనాడు, చెవికి ఒకనాడు, వ్యాయామానికి ఒకనాడు రమ్మంటే మూడు కూళ్ళు నష్టం. బిడ్డ పైకి బాగానే ఉన్నాడు గదా అని ఆ తేదీ జారిపోతుంది. మరికొన్ని నెలలకు పని వెతుక్కొంటూ కుటుంబం మరొక పేటకు, మరొక రాష్ట్రానికి మారిపోతుంది. బిడ్డను కాపాడడానికి అంత కష్టపడిన వైద్యుల చేతిలో ఒక పేరు, మోగని టెలిఫోను నంబరు మాత్రమే మిగులుతాయి.

దీనికి మందు ఖరీదైనది కాదు. ఫిజియోథెరపిస్టు బిడ్డను మొదటిసారి చూడవలసినది ఏడాది తరువాత, వేరొక కట్టడంలో కాదు. శిశు విభాగంలో, పడక ప్రక్కన, తల్లి కళ్ళ ఎదుట. అప్పుడు తల్లికి ఆయన ముఖం పరిచయమవుతుంది; తిరిగి రావలసినది చీటీమీది గది సంఖ్య దగ్గరకు గాక, తెలిసిన మనిషి దగ్గరకు అవుతుంది. ఇంటికి పంపే ముందు తల్లి స్వయంగా బిడ్డను పడుకోబెట్టి, ఎత్తి, త్రిప్పి చూపించిన తరువాతనే పాఠం ముగిసినదని భావించవలెను. కన్ను, చెవి, కదలిక, తూకం - ఈ పరీక్షలన్నీ ఒకే దినాన జరిగేటట్లు ఏర్పాటు చేయవలెను. సూచనలు తెలుగులోనేగాక హిందీ, ఒడియా భాషలలోను, బొమ్మలతోను ఉండవలెను. ఊరు మారేవారికి బిడ్డ చరిత్ర వ్రాసిన పుస్తకం చేతికి ఇచ్చి, పోయే చోట ఎవరిని కలువవలెనో చెప్పవలెను.

యజమానులు, కార్మికులు కూడ ఎరుగవలసిన సంగతి ఒకటి ఉన్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో జరిగిన సవరణ వలన అర్హులైన స్త్రీలకు మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో 26 వారాల వేతనపు సెలవు ఏర్పడినది. నెలలు నిండని కాన్పు వలన అస్వస్థత కలిగితే, ధ్రువపత్రం మీద మరొక నెలవరకు సెలవు పొందే హక్కు కూడ ఆ చట్టంలో ఉండేది. 2020 సామాజిక భద్రతా స్మృతిలో కూడ ఈ రెండు హక్కులను నిలిపి ఉంచారు. ఈ అదనపు నెల సంగతి చాలమంది కార్మిక స్త్రీలకు తెలియదు. తండ్రికి పరీక్ష దినాన ఒక పూట కూలి కోయకుండ సెలవిచ్చే కర్మాగారం, ఒక బిడ్డ నడకకు తోడ్పడినదే అవుతుంది.

ఈ ప్రసంగాన్ని వింటున్న గృహస్థులలో కొందరి ఇళ్ళలో నెలలు నిండని బిడ్డ ఉండవచ్చును. మరికొందరి పెరటి అద్దె గదిలో అట్టి బిడ్డ ఉండవచ్చును. ఆ తల్లిని, "మళ్ళీ ఆసుపత్రికి ఎప్పుడు రమ్మన్నారమ్మా?" అని అడగండి. ఆ తేదీని ఆమెకు గుర్తు చేయండి. వీలైతే ఆ పూట పెద్దపిల్లవానిని మీ ఇంట ఉంచుకొనండి. ప్రాణం నిలిపే పని వైద్యులు చాలవరకు నేర్చినారు. ఆ ప్రాణానికి మెడ నిలిపే బలం, చేయి చాచే నేర్పు, తన కాళ్ళమీద తాను నిలిచే ధైర్యం రావడానికి ఫిజియోథెరపిస్టు చూపే దారిలో ఇంటివారు, ఇరుగుపొరుగు కూడ కలిసి నడవవలెను. ఆ తేదీ తప్పకుండ ఉంటే, మన వీధులలో అడుగుల అరిసెలు పంచే ఇళ్ళు మరికొన్ని పెరుగుతాయి.